ఏడు చీరల చాటు

పరీక్ష పది గంటలకు. మునిరత్నమ్మ మాత్రం పొద్దున ఆరింటి నుంచే ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. పరీక్ష రాయాల్సిన కూతురు ప్రతిమ పాల డైరీ నుంచి ఇంకా రాలేదు. ఊరందరి పాలు పట్టి, వెన్న శాతం చూసి, చీటీలు రాసి ఆ పిల్ల ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఆలోపల తల్లి ముగించుకోవాల్సిన పని ఒకటుంది. కూతురికి చెప్పకుండా చేయాల్సిన పని.

ట్రంకుపెట్టె తెరిచి పాత చీరలు ఏడు ఏరింది. అందులో ఒకటి ఆమె సీమంతం నాటి ఆకుపచ్చ చీర. అంచు చినిగినా ఇరవై రెండేళ్లుగా పారేయలేదు. దాన్నొకసారి చేత్తో నిమిరి, మిగతావాటితో కలిపి మూటగట్టుకుని, నైలాన్ తాడు భుజాన వేసుకుని పొలం దారి పట్టింది.

చిక్కబళ్లాపురం జిల్లాలో మండికల్‌కు అవతల వాళ్ల ఊరు. ఊరి చివర చిన్న మిట్ట మీద వాళ్ల పట్టుపురుగుల షెడ్డు. పొడుగాటి గది, ఒక తలుపు, అటు గోడకొకటి ఇటు గోడకొకటి రెండు కిటికీలు. కిటికీ కడ్డీలకు బయటివైపు సన్నని వల కొట్టి ఉంటుంది, ఊజి ఈగ దూరకుండా. ఆ ఈగ ఒక్కటి లోపలికొచ్చి పురుగు మీద గుడ్డు పెట్టిందంటే ఆ పురుగు పని అయిపోయినట్టే. లోపల ఒక గోడ పొడుగునా మూడంతస్తుల తట్టలు, తట్టల నిండా పురుగులు. నాలుగో జ్వరం లేచి నాలుగు రోజులైంది. జ్వరమంటే పురుగు మేత మానేసి, తలెత్తి నిద్రపోయి, పాత చర్మం వదిలే సమయం. అది లేచాక ఇక పురుగుకు తిండి తప్ప వేరే లోకం లేదు. ఇంకో మూడు నాలుగు రోజులు కడుపునిండా మేపితే పండి గూడు కడతాయి. ఈ రోజుల్లోనే ఏ చెడైనా జరిగేది. అందుకే ఈ రోజుల్లో పరాయి మనిషిని షెడ్డు గడప తొక్కనివ్వరు. పక్కింటివాళ్లైనా సరే, గడప ఇవతల నిలబడి మాట్లాడి పోవాల్సిందే. పరాయి కన్ను పడితే పురుగు మేత వదిలేస్తుందని ఆ చుట్టుపక్కల అందరికీ నమ్మకం. మునిరత్నమ్మకు నమ్మకం కాదు, భయం.

ఆమెకు భయం లేనిదంటూ ఏదీ లేదు. గ్యాసు సిలిండరంటే భయం, మెరుపంటే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. మొగుడు ఆంజనేయప్ప నవ్వుతూ అంటుంటాడు, “నీ భయానికి కూడా ఒగ పేరు పెట్టి రేషన్ కార్డులో ఎక్కించల్ల మే. మన ఇంట్లో అదొక మనిషే కదా” అని.

ఆ భయమే ఈ రోజు ఇక్కడిదాకా తెచ్చింది.

ప్రతిమ చదివేది కంప్యూటర్ సైన్స్ డిగ్రీ. రోజూ కాలేజీకి పోయే చదువు కాదు. పాఠాలన్నీ కంప్యూటర్‌లోకే వస్తాయి. పొద్దున పాల డైరీ, మధ్యాహ్నం పురుగులకు మల్బరీ ఆకు కోత, సాయంత్రం మళ్లీ డైరీ. వీటి మధ్య ఏ గంట దొరికితే ఆ గంట పాఠం వినొచ్చు. ఒక సెమిస్టరులో అన్ని సబ్జెక్టులూ తీసుకోలేకపోతే రెండు తీసుకుని, మిగతావి తర్వాత రాసుకోవచ్చు. రెండేళ్లు దాటినా డిగ్రీ సగానికే వచ్చింది. డైరీ సెక్రెటరీ బయ్యప్ప మాత్రం ప్రతిమను చూసినప్పుడల్లా, “ఏమ్మా, ఇంట్లో కూర్చోని చదివే డిగ్రీకి ఇంట్లో కూర్చోని చేసే ఉద్యోగమే ఇస్తారా?” అంటాడు. “ఇస్తారు బయ్యప్పా. నీ లెక్కలు రాసే పని గూడా ఇంట్లో నుంచే చేసేస్తా, నువ్వు రేపట్నుంచి రావద్దులే” అని ఆ పిల్ల నవ్వుతూనే జవాబిస్తుంది. మునిరత్నమ్మకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. ఏడో తరగతి వరకు చదివిన ఆమెకు ఈ చదువు ఎక్కడుందో కంటికి కనబడదు. గోడ లేని బడి, ముఖం చూడని మేష్టర్లు. ఒకరోజు ఎవరో ఏదో మీట నొక్కితే అంతా మాయమైపోతే?

పరీక్షలకు రెండు దారులు. చిక్కబళ్లాపురంలో కేంద్రం ఉంది, పోయి రాయొచ్చు. లేదా ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని రాయొచ్చు. ప్రతిమ మొదట కేంద్రానికే పేరు రాయించుకుంది. ఆ వారంలోనే మునిరత్నమ్మ ఫోనులో ఒక బస్సు బోల్తా పడిన వీడియో చూసింది. అది ఏ రాష్ట్రానిదో, ఏ ఏటిదో తెలియదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. “ఇంట్లోనే రాయి పాపా, ఇంట్లోనే రాయి” అని ప్రాధేయపడింది. ప్రతిమ విసుగుపడి ఇంటి పరీక్షకే మార్చుకుంది.

మొదటి పరీక్ష ఇంట్లో హాల్లో జరిగింది. సగంలో మునిరత్నమ్మ అత్త అక్కయమ్మ వక్కాకు సంచి వెతుక్కుంటూ ప్రతిమ వెనక నుంచి వచ్చి, “యాడ పెట్టినావే నా సంచి? నీ కంప్యూటరు కింద ఉండాదేమో లెయ్” అని ఆ పిల్ల భుజం పట్టి లేపింది. గదిలో రెండో మనిషి ఉన్నట్టు కెమెరా పట్టేసింది. పరీక్ష రద్దు. దాంతోపాటు ఒక హెచ్చరిక. ఇంకొక్కసారి అలా జరిగితే ఏడాదిపాటు ఏ పరీక్షా రాయకూడదు. ఇప్పుడు రాసేది ఆ రద్దయిన పరీక్షే.

అందుకే షెడ్డు. సిగ్నలు మిట్ట మీద బాగుంటుంది. పైగా పురుగులున్న గదిలోకి ఇంకో మనిషి రాడు. ఆ ఆలోచన ప్రతిమది. నిన్న సాయంత్రం దాకా మునిరత్నమ్మకూ నచ్చింది. నిన్న సాయంత్రమే కూతురు మాటల్లో ఒక మాట అనేసింది.

“పరీక్షె మొదల్లో కంప్యూటరు ఎత్తి గది నాలుగు మూలలా చూపీల మా. తట్టలు, గోడలు, అన్నీ.”

“ఎవురికి చూపీల?”

“చూసేటోళ్లుంటారు. యాడో కూర్చోని చూస్తాంటారు.”

“ఎవురే పాపా వాండ్లు? మనకి తెల్సినోళ్లా?”

“నాకేం తెల్సు మా! వేలమందిని చూస్తాంటారు వాండ్లు. మన పురుగుల్ని చూసేకి తీరిక యాడిది?”

జ్వరం లేచి నాలుగు రోజులైన పురుగును ఊరు పేరు తెలియని కన్ను చూడబోతోంది. ఇంటి పరీక్ష అడిగింది తనే. వద్దంటే చదువు పోతుంది, ఊరుకుంటే పంట పోతుంది. ఆలోచించి ఆలోచించి ఈ ఏడు చీరల దగ్గరికి వచ్చింది.

షెడ్డులో స్టూలు వేసుకుని ఎక్కింది. ఈ గోడ కిటికీ కడ్డీ నుంచి ఆ గోడ కిటికీ కడ్డీ దాకా, తట్టల ముందుగా, తల కంటే పైకి తాడు లాగి కట్టింది. చీరలు దాని మీద వరుసగా వేసి, గాలికి విడిపోకుండా ఒకదాని కొంగు ఒకదానికి ముడివేసింది. తాడుకూ ముడివేసింది. ముడి మీద ముడి, ఊడకూడదని. వెనక్కి జరిగి చూసుకుంటే మూడంతస్తులూ మాయం. రంగురంగుల గోడ నిలబడింది. చీరల వెనక పురుగులు ఆకు నములుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

ప్రతిమ తొమ్మిదింటికి వచ్చింది. తలుపు దగ్గర బ్లీచింగ్ నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి అడుగు పెట్టి, అలాగే నిలబడిపోయింది.

“ఇదేంది మా! నాటకాల పరదా కట్టినావు?”

“పరదానే. వాండ్లు నిన్ను చూస్తే చాలు. పురుగుల్ని చూడద్దు.”

“అమ్మా, గదిలో ఏదీ దాచకూడదంటారు.”

“గోడ అనుకుంటారులే. పాపా, నీకు దండం పెడ్తా. పోయిన పంట పాలరోగం తగిలి పురుగులన్నీ సచ్చి పెంటతిప్పలో పోసినాం. ఈ పంట గూడా పోతే మీ నాయన మళ్లా నవ్వడు.”

ప్రతిమ గడియారం చూసింది. ముడులు చూసింది. మేతకు ఆకు కొమ్మలు వేయాలి, బల్ల సర్దాలి, ఫోను నుంచి సిగ్నలు కలపాలి. “సరే. ఏమైనా అయితే నాకు చెప్పొద్దు” అని గొణిగి మేత వేయడానికి పోయింది. తల్లీ కూతుళ్లు ఇద్దరూ తొమ్మిదిన్నరకు నిండుగా కొమ్మలు పరిచారు. మళ్లీ మేత ఒంటిగంటకే కాబట్టి మధ్యలో ఎవరూ లోపలికి రావాల్సిన పని లేదు.

పది కొట్టేసరికి తలుపు మూసి, మునిరత్నమ్మ బయట కాపలా కూర్చుంది. పక్కన ఆకు కోసే కొడవలి, చేతిలో వేపమండ, కోళ్లూ కుక్కలూ ఇటు రాకుండా. తలుపు సందులోంచి కూతురి వీపు, బల్ల మీద కంప్యూటరు, అందులో వెలుగు కనిపిస్తున్నాయి. ప్రతిమ కంప్యూటరు ఎత్తి గది చుట్టూ తిప్పింది. చీరల మీదుగా అది జరుగుతున్నంతసేపూ మునిరత్నమ్మ వేపమండ ఆకులు దూస్తూ చూసింది. ఏమీ కాలేదు. ప్రతిమ కూర్చుంది, రాయడం మొదలుపెట్టింది. మీటల చప్పుడు టకటకమని వినబడుతోంది.

అమ్మయ్య అనుకుంది. ఆమె జన్మలో అమ్మయ్య అనుకున్న ఏ పనీ సాఫీగా జరగలేదు. ఆ సంగతి వెంటనే గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

కొత్త కొమ్మలు పడ్డాయి కదా, పురుగులన్నీ ఒక్కసారిగా మేత మీద పడ్డాయి. ఆ చప్పుడు విననివాళ్లకు చెబితే అర్థం కాదు. రేకుల మీద సన్నగా మొదలై అంతకంతకూ ఎక్కువయ్యే వాన చప్పుడు అది. దానికి తోడు గాలి లేచి చీరలు కదలసాగాయి. ఒక చీర ఉబ్బింది, మళ్లీ లోపలికి పోయింది. వెనక ఎవరో నిలబడి ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

నలభై నిమిషాలు గడిచాయో లేదో, కంప్యూటరులోంచి ఆడమనిషి గొంతు వినబడింది. ఇంగ్లీషు. మీటల చప్పుడు ఆగింది. ప్రతిమ ఇంగ్లీషులోనే ఏదో చెప్పింది. ఆ గొంతు ఒప్పుకోలేదు. మునిరత్నమ్మకు అర్థమయింది రెండే రెండు మాటలు. క్లాత్. రిమూవ్.

ప్రతిమ కంప్యూటరు ఒక చేత్తో పట్టుకుని లేచింది. ఇంకో చేత్తో చీర పట్టి లాగింది. ముడి ఇంకా బిగిసింది. స్టూలు అవతలి మూలనుంది. దాని వైపు ఒకడుగు వేయగానే ఆ గొంతు గట్టిగా ఏదో అంది, ప్రతిమ వెనక్కి వచ్చేసింది. కెమెరా దాటి పోకూడదు. తాడు అందదు. చీర తీయాలి, కదలకూడదు.

“టూ మినిట్స్” అంది గొంతు. ఆ మాట మునిరత్నమ్మకు తెలుసు.

ప్రతిమ తల తిప్పలేదు. కంప్యూటరు వైపే చూస్తూ, గొంతు పెంచి తెలుగులో అంది. “అమ్మా! ఈ చీరల వెనక మనిషి ఉండాదంటాండారు. తీయకుంటే పరీక్షె రద్దంట. ముడి రాలేదు మా!”

ఎవరితో మాట్లాడుతున్నావని కాబోలు ఆ గొంతు గద్దించింది.

మునిరత్నమ్మ లేచింది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగింది. లోపలికి పోతే గదిలో రెండో మనిషి. అత్త చేసిన పనే తానూ చేసినట్టు. ఏడాది.

కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వల అవతల, కడ్డీకి తాను పొద్దున కట్టిన తాడు ముడి జానెడు దూరంలో ఉంది. వేలు పెట్టినా అందదు, వల అడ్డం. రెండేళ్లుగా కంటికి రెప్పలా కాపాడుకుంటున్న వల. చీమ తల పట్టేంత చిల్లు కనబడినా సూదీ దారం పట్టుకుని కూర్చునేది. ఈ పూట ఎండ ఎక్కుతోంది, ఈగలు తిరిగే వేళ.

లోపల ప్రతిమ కంప్యూటరును అవతలి చివరి చీరల వైపు తిప్పి పట్టుకుని, ఇంకో చేత్తో చీర గుంజుతోంది.

మునిరత్నమ్మ కొడవలి తీసుకుంది. వలను పై నుంచి కిందికి ఒక్క గీటు గీసింది. చెయ్యి భుజం దాకా లోపలికి దూర్చి తాడు మీద కొడవలి ఆనించి గుంజింది. ఒకసారి తెగలేదు. రెండోసారి తెగింది. ఏడు చీరలూ ఒకదాని వెంట ఒకటి బరబరా జారి నేలకు వచ్చేశాయి. అన్నిటికంటే చివర ఆకుపచ్చ చీర.

చెయ్యి వెనక్కి లాగి గోడ కింద కూలబడింది.

లోపల ఆ గొంతు ఆగిపోయింది. పురుగుల వాన ఒక్కటే వినబడుతోంది. మూడంతస్తులు, తట్ట తట్టకూ వేలు, తెల్లగా వేలెడంత పురుగులు, ఆకు అంచున బారులు తీరి తల పైకీ కిందికీ ఆడిస్తూ. కాసేపటికి ఆ గొంతు మెల్లగా, వేరే మనిషి గొంతులా, “ఓ మై గాడ్” అంది.

మునిరత్నమ్మ టీవీలో వింటూనే ఉంటుంది ఆ మాట. ఆశ్చర్యపడినవాళ్లు అనే మాట. ఆశ్చర్యపడిన కన్నే కదా తగిలేది! చూసీ చూడనట్టు పోయిన కన్ను ఏం చేస్తుంది?

ప్రతిమ సిల్క్ అని, ఈటింగ్ అని ఏదో చెబుతోంది. ఆ గొంతు ఇంకేదో అడిగింది. ప్రతిమ కంప్యూటరును ఒక తట్ట దగ్గరికి, ఇంకా దగ్గరికి పట్టి చూపించింది. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. మీటలు మళ్లీ టకటకమన్నాయి.

రాస్తోంది. మునిరత్నమ్మకు ఏడుపొచ్చింది. వెంటనే కన్ను చిల్లు మీదికి పోయింది. మూరెడు పొడుగు, నోరు తెరిచిన చిల్లు. ఒక ఈగ జుయ్యిమంది. ఊజి ఈగో, వట్టి ఈగో చూసే తీరిక లేదు. లేచి కొంగు లాగి చిల్లుకు అడ్డం పెట్టి, రెండు చేతులతో కడ్డీలకు అదిమి పట్టుకుంది. నిలబడితే తల కెమెరాలో కనబడుతుంది. అందుకని మోకాళ్ల మీద కూర్చుని, చేతులు పైకెత్తి, గోడకు అతుక్కుపోయింది.

ఎండ వీపు మీదికి వచ్చింది. చేతులు తిమ్మిరెక్కాయి. దించలేదు.

ఊళ్లోంచి అత్త అక్కయమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని మెల్లగా మిట్ట ఎక్కి వచ్చింది. కోడలిని చూసి చెంబు కింద పెట్టేసింది.

“ఏమే, పోలీసోళ్లు పట్టుకున్నట్ల చేతులెత్తి కూర్చున్నావు?”

మునిరత్నమ్మ పళ్ల బిగువున, “మెల్లగా మాట్లాడత్తా” అంది. “వల కోసినా. ఈగ వస్తాంది.”

“నువ్వా? వల కోసినావా?” ముసలామె నోరు తెరిచి, మళ్లీ తానే చేత్తో మూసుకుంది. మొన్నటి వక్కాకు సంచి సంగతి ఆమె మర్చిపోలేదు. ఇంకొక్క మాట అడగలేదు. కోడలి పక్కనే చతికిలబడి, తలమీది కొంగు తీసి విసురుతూ ఈగలు తోలసాగింది. మధ్యమధ్య మజ్జిగ చెంబు కోడలి నోటికి ఆనించింది. పన్నెండు గంటల వరకు ఆ ఇద్దరూ కదలలేదు.

తలుపు తెరుచుకుని ప్రతిమ బయటికొచ్చింది. ముఖం పాలిపోయింది.

“అయిపాయనా?” అంది మునిరత్నమ్మ, చేతులు దించకుండానే.

“రాసినా. పావుగంట పోయింది, చివరి లెక్క ముట్టలేదు. వీడియో పైకి పంపిస్తారంట మా. పెద్దోళ్లు చూసి చెప్తారంట, పరీక్షె నిలబెడ్తారా కొట్టేస్తారా అని. ఎనిమిది దినాలు పట్టచ్చు.”

“ఇంగా చూస్తారా? ఇంగొకరు చూస్తారా పురుగుల్ని?”

“అమ్మా! నీకు నా పరీక్షె గురించా, పురుగు గురించా బాధ?”

మునిరత్నమ్మ చిల్లు మీది కొంగును ఇంకాస్త అదిమి పట్టుకుంది.

ఆ సాయంత్రం దిష్టి తీయాలనుకుంది. మిరపకాయలు కాల్చి పొగ వేస్తే ఆ పొగకే పురుగులు చస్తాయి. చాలాసేపు ఆలోచించింది. ఆ కన్ను వచ్చిన దారి ఏది? కంప్యూటరే కదా. పిడికిట్లో ఉప్పు పట్టుకుని, బల్ల మీది కంప్యూటరు చుట్టూ మూడుసార్లు తిప్పింది.

“అమ్మా, ఉప్పు మీటల్లో పడ్తాది!” అని ప్రతిమ కంప్యూటరు గుండెకు హత్తుకుంది.

“దానికే మొదట తగిలింది పాపా. దాని ద్వారానే కదా చూసింది.”

ఆంజనేయప్ప నవ్వాడు. “రేపు దాన్ని పెనుశిల గుళ్లో ముడుపు కట్టు” అన్నాడు. నవ్వుతూనే పోయి కోసిన వలకు కొత్త ముక్క కుట్టాడు. కుట్టు పూర్తయ్యేసరికి ఆయన ముఖంలో నవ్వు లేదు.

ఆ తర్వాత రోజులు మునిరత్నమ్మకు నడవలేదు, ఈడ్చుకుంటూ పోయాయి. రోజూ పొద్దున పోయి తట్ట తట్టా వెతికేది. మూడో రోజు కిటికీ పక్క తట్టలో ఒక పురుగు మీద నల్లటి చుక్క కనిపించింది. ఊజి మచ్చ. ఇంకా వెతికితే పదకొండు దొరికాయి. ఏరి సబ్బు నీళ్లలో వేసి ఎవరికీ చెప్పలేదు. చెబితే వల కోసిన నింద కూతురి నెత్తిన పడుతుంది. ఆ పిల్ల ఇప్పటికే అన్నం సరిగా తినడం లేదు. డైరీలో బయ్యప్ప, “ఏమ్మా ప్రతిమా, పరీక్షెకి పురుగుల్ని కూర్చోబెట్టి కాపీ కొట్టినావంటనే!” అన్నాడంట. ఆ పిల్ల ఈసారి జవాబివ్వలేదంట.

మిగతా పురుగులు మేత వదల్లేదు. నాలుగో రోజుకు పండాయి. ఒళ్లు పసుపు తిరిగి, వెలుగుకు పట్టి చూస్తే అద్దంలా కనబడుతూ, తలెత్తి దారం కక్కడానికి చోటు వెతికాయి. ఏరి చంద్రికల మీదికి, ఆ వెదురు తడికల మీదికి ఎక్కించారు. మునిరత్నమ్మ ఏరుతున్న ప్రతి పురుగునూ వెనకా ముందూ తిప్పి చూసింది.

“పోయింది పదకొండే” అంది ప్రతిమ పక్కన నిలబడి.

మునిరత్నమ్మ చెయ్యి ఆగింది. “నీకెట్ల తెల్సు?”

“సబ్బు నీళ్ల బకెట్టు నేనే కదా పారబోసింది.” తట్టలోంచి ఇంకో పురుగు ఏరింది. “నువ్వు ఆ వల కోస్తావని నేననుకోలేదు మా. నువ్వు వల కోస్తావని ఎవురు చెప్పినా నమ్మేదాన్ని కాదు.”

“నేను ఇంట్లో రాయమనకుంటే ఇదంతా యాడిది? బస్సుకి భయపడి నిన్నీడ కూర్చోబెట్టినా. పురుగుకి భయపడి చీరలు కట్టినా. అంతా నా భయమే చేసింది.”

ప్రతిమ ఇంకో పిడికెడు పురుగులు తల్లి పళ్లెంలోకి జాగ్రత్తగా జార్చింది.

తొమ్మిదో రోజు సాయంత్రం చంద్రికల నుంచి గూళ్లు విప్పుతుంటే ప్రతిమ డైరీ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులకు ఇంకా పాల తడి, ఆ తడి చేత్తోనే ఫోను పట్టుకుంది. మునిరత్నమ్మ ఒళ్లోని గూళ్లన్నీ కిందికి దొర్లిపోయాయి.

“కొట్టేసినారా?”

“లేదు. పరీక్షె నిలిచింది. గదిలో ఇంకొక మనిషి లేదని ఒప్పుకున్నారు.”

మునిరత్నమ్మ రెండు చేతులూ జోడించబోయి, కూతురి ముఖం చూసి ఆగింది. “ఇంగా ఏదో ఉండాది. చెప్పు.”

“ఇంగ మీద ఇంటి నుంచి రాసేది లేదంట. ఈ గది పనికిరాదంట. అన్ని పరీక్షెలూ చిక్కబళ్లాపురం కేంద్రంలోనే. మొదటిది వచ్చే శనివారం.”

మిట్ట కింద రోడ్డు మీద బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా మునిరత్నమ్మ వింటూ కూర్చుంది. ఆమె కళ్ల ముందు ఏం కదిలిందో ప్రతిమకు తెలుసు. వద్దంటుందని ఎదురు చూసింది. వద్దంటే ఏం చెప్పాలో దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చింది.

మునిరత్నమ్మ కింద పడ్డ గూళ్లు ఒక్కొక్కటే ఏరి ఒళ్లో వేసుకుంది.

“ఎన్ని గంటల బస్సు?” అంది.

“ఏడున్నరది.”

“ముందు సీట్లో కూర్చోవద్దు. డ్రైవరు ఎనకాల అసలే వద్దు. తలుపు దగ్గర వద్దు. నడిమిట్ల, కిటికీ పక్కన గాకుండా...” కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ అందుకుంది. “దిగినంక ఫోను చెయ్యి. పరీక్షె ముందర ఒకసారి, అయినంక ఒకసారి. నేను షెడ్డులోనే ఉంటా, ఈడ సిగ్నలు బాగుంటాది.”